మొక్కల సందేహాలు: కుండీల్లో పిల్లుల తవ్వకాలు

ప్రశ్న: మేడ మీద గ్రో బ్యాగుల్లో పాలకూర, మెంతికూర వేస్తున్నాం. విత్తనం చల్లిన మర్నాటికల్లా పిల్లులు తవ్వి, పాడు చేసి పోతున్నాయి. కలరా ఉండలు పెట్టినా లాభం లేదు.
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: ముందు ఆ కలరా ఉండలు ఏరి పారేయండి. అందులోని నాఫ్తలీన్ పిల్లి ఒంట్లోకి వెళ్తే రక్తకణాలు పగిలిపోతాయి. చిన్నపిల్లలు చప్పరించినా అంతే ప్రమాదం. పైగా ఆ మట్టిలో పెరిగిన ఆకు తినేది మీరే. ఫినాయిలూ వద్దు. తడి అంటిన కాళ్లను పిల్లి నాకుతుంది, ఆ మందును విరగ్గొట్టే శక్తి దాని కాలేయానికి చాలా తక్కువ. కారం చల్లితే కళ్లు మండటం తప్ప ఒరిగేదేమీ లేదు, ఒక్క వానకు కొట్టుకుపోతుంది.

అసలు కిటుకు మట్టి పైపొరలో ఉంది. కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు కలిపిన మిశ్రమం గుల్లగా, పొడిగా ఉంటుంది. తవ్వి కప్పెట్టుకోవడానికి పిల్లికి అంతకన్నా ఏం కావాలి? కాబట్టి గోరు దిగకుండా చేయాలి. అంగుళం కన్నాలున్న ప్లాస్టిక్ మెష్ కొనండి. ఇనుప కోళ్ల జాలీ మన సముద్రపు గాలికి త్వరగా తుప్పు పడుతుంది, తెగిన కొసలు చేతులకు గుచ్చుకుంటాయి. బ్యాగు వెడల్పు 15 అంగుళాలైతే 17 అంగుళాల గుండ్రటి ముక్క కత్తిరించండి. విత్తనం చల్లి, నీళ్లు పోశాక దాన్ని పరిచి, అంచును చుట్టూ అంగుళం లోతున మట్టిలోకి దోపండి. మందపాటి జీఐ తీగను (తుప్పు ఆపే జింకు పూత ఉన్న ఇనుప తీగ) యూ ఆకారంలో వంచి, ఐదంగుళాల కాళ్లున్న కొక్కేలు నాలుగు వైపులా గుచ్చండి. మొలకలు కన్నాల్లోంచి వాటంతటవే పైకి వస్తాయి. అర అంగుళం కన్నాలైతే కాడలు లావెక్కాక ఇరుక్కుంటాయి. ఇప్పటికే మొక్క ఉన్న కుండీకి అంచు నుంచి మధ్య దాకా ఒక చీలిక పెట్టి కాండం చుట్టూ తొడగండి.

ఈ పద్ధతి చెడేది దాదాపు ఎప్పుడూ అంచు దగ్గరే. వదులుగా ఉన్న చోట పిల్లి పంజా దూర్చి జాలీని ఎత్తేస్తుంది. పాత చేపల వల ఊరికే దొరికింది కదా అని మాత్రం కప్పకండి. వదులుగా వేలాడే సన్న నైలాన్‌లో పిల్లి కాలే కాదు, తొండలు, జెర్రిపోతులు కూడా చిక్కుకుని చస్తాయి.

పెద్ద కుండీలకైతే సరుగుడు కాయలు భేషుగ్గా పనికొస్తాయి. తీరం వెంట సరుగుడు తోటల కింద రాలి ఉంటాయి. ఉప్పు పోయేలా రెండు నీళ్లలో నానబెట్టి కడిగి, సందు లేకుండా ఒక వరస పరవండి. ఆ గరుకు మీద పిల్లి కాలు పెట్టదు, నీరు మాత్రం కిందికి దిగుతుంది.

ఇంకో మాట. ఒక చోట కాదన్నప్పుడు మరో చోటు చూపించడం మంచిది. మేడ మూల రెండడుగుల టబ్బులో ఐదంగుళాల మేర పొడి ఏటి ఇసుక పోసి, పైన వాన పడకుండా రేకు పెట్టండి. అందులో పడిన మలాన్ని రోజూ చిన్న తాపీతో ఎత్తి పారేస్తుంటే పిల్లులు అక్కడికే వెళ్తాయి. శుభ్రం చేయకపోతే వారంలో మళ్లీ మీ పాలకూర మీదికే వస్తాయి.

ప్రశ్న: పక్కింటి పిల్లులు ఐదడుగుల ప్రహరీ దూకి వస్తున్నాయి. గోడ మీద గాజు పెంకులు పెట్టించమంటున్నారు. శబ్దంతో తరిమే యంత్రాలు పనిచేస్తాయా?
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: గాజు పెంకుల మధ్య అడుగులేయడం పిల్లికి తెలుసు, ముందు కోసుకునేది మీ చెయ్యో, బంతి కోసం గోడెక్కిన పిల్లాడి చెయ్యో. వాటికి బదులు దొర్లే పైపు పెట్టించండి. అంగుళం పైపును ఇరుసుగా బ్రాకెట్లకు బిగించి, దాని మీద మూడంగుళాల పీవీసీ పైపు వదులుగా తొడగాలి. పిల్లి ముందుకాళ్లు వేయగానే పైపు తిరిగిపోతుంది, పట్టు దొరకదు. గోడకూ పైపుకూ మధ్య సందు రెండంగుళాలు మించితే కింద నుంచి దూరుతుంది. గోడను ఆనుకుని జామ కొమ్మో, నీళ్ల ట్యాంకో ఉంటే ఈ ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే, ముందు కొమ్మ కొట్టించండి.

శబ్ద యంత్రం కొన్ని పిల్లుల మీద పనిచేస్తుంది, కొన్ని కొన్నాళ్లకు అలవాటు పడతాయి, చెవుడు వచ్చిన ముసలి పిల్లికి అది ఉన్నట్టే తెలియదు. మొదటి ఖర్చు దాని మీద పెట్టొద్దు. కదలికను పసిగట్టి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ నయం, కానీ కుళాయిలో ఒత్తిడి ఎప్పుడూ ఉండాలి.

ఎలకల మందు ఆలోచన ఎవరైనా చెబితే వినకండి. మందు తిన్న ఎలుకను తిన్నా పిల్లి చనిపోవచ్చు. జంతువుకు విషం పెడితే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు.

ప్రశ్న: గులాబీలకు చేపలు కడిగిన నీళ్లు, రొయ్య పొట్టు వేస్తున్నాను. పువ్వులు బాగున్నాయి, పిల్లుల బెడద మొదలైంది.
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: విందుకు పిలిచింది మీరే కదండీ! చేప, బెల్లం పులియబెట్టిన ద్రావణం, ఎముకల పొడి కూడా ఇలాగే పిల్లుల్ని రప్పిస్తాయి. రొయ్య పొట్టును మూత గట్టిగా పడే కంపోస్టు డబ్బాలో ఎండుటాకులతో కలిపి, వాసన పూర్తిగా పోయాకే మొక్కకు వేయండి. అంతదాకా వేపపిండి వాడండి.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటుంది. కుప్పింటాకు కలుపు పీకి మడిలోనే పడేస్తుంటారు. దాని వేళ్ల వాసనకు పిల్లులు మత్తెక్కి పొర్లుతాయి. పీకిన వెంటనే సంచిలో వేసి బయట పారేయండి.

ప్రశ్న: మా కోడలు గర్భవతి. పిల్లులు పాడు చేసిన మట్టిలో పని చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: చేయనివ్వకండి. పిల్లి మలంలో టోక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండొచ్చు, అది కడుపులోని బిడ్డకు చేటు. విసర్జించిన వెంటనే కాదు, ఒకటి నుంచి ఐదు రోజుల్లో అది అంటుకునే దశకు వస్తుంది. అందుకే ఇంట్లో ఇంకెవరైనా చేతి తొడుగులు వేసుకుని రోజూ ఎత్తేయాలి. ఆ మడిలో కూర పచ్చిగా తినకుండా బాగా కడిగి ఉడికించండి. ఇదివరకే మట్టి పని చేసి ఉంటే డాక్టరుకు చెప్పండి, రక్తపరీక్ష ఉంది. పిల్లిని ముట్టుకున్నంత మాత్రాన భయం లేదు.

ప్రశ్న: కుండీల వెనక పిల్లి ఈనింది. తీసేయమంటారా?
– ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: ఇప్పుడు కదపొద్దు. తల్లే చోటు మారుస్తుంది, లేదా ఎనిమిది వారాలకు పిల్లలు పాలు మానుతాయి. అప్పుడు ఆ సందు మూసేయండి, మూసే ముందు లోపల టార్చి వేసి చూడండి. తల్లికి పశువైద్యుడి దగ్గర ఆపరేషన్ చేయించడం ఆలస్యం చేయకండి. పాలిస్తూనే మళ్లీ చూలు కట్టగలదు, తొమ్మిది వారాలకు ఇంకో కాన్పు.