వ్యాపారం చేసేవాడు చైర్మన్ అయితే ఊరికి మంచిదేనా? నేను చూసిన ఒకాయన

వ్యాపారస్తులు రాజకీయాల్లోకి వచ్చేది సంపాదించుకోడానికేనా, ఊరికి ఏమైనా చేసినవాళ్లని కళ్లారా చూశారా అని అడిగారు. చూశాను. కాకపోతే ఆయన దగ్గర ఆరేళ్లు గుమాస్తాగా జీతం తీసుకున్నవాణ్ని, నా మాట కొంచెం తగ్గించుకునే వినండి.

గోదావరి డెల్టాలో ఓ మోస్తరు మున్సిపాలిటీ మాది. ఆయనకి రైస్ మిల్లు. 2000 ఎన్నికల్లో చైర్మన్ అయ్యారు, అప్పట్లో చైర్మన్‌కి ఊరంతా నేరుగా ఓటేసేది. మహానుభావుడని నేననను. గెలిచిన ఏడాదిలోపే మా మిల్లు ముందు సిమెంటు రోడ్డు పడింది, పక్క వీధివాళ్లు నాలుగేళ్లు బురదలో నడిచారు. అదేంటని నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

నేను చెప్పాలనుకున్నది 2003 మే నెల సంగతి. ముందు ఏడాది వానల్లేవు. ఆ వేసవి వడగాడ్పులకి రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా పోయారు, గుర్తుండే ఉంటుంది. ఎండాకాలం డెల్టాలో కాలువలు కట్టేస్తారు కదా, ఆలోపే మున్సిపాలిటీ మంచినీళ్ల చెరువు నింపుకోవాలి, మళ్లీ కాలువకి నీళ్లు వదిలేదాకా ఊరంతా ఆ చెరువు మీదే బతకాలి. ఆ ఏడు చెరువు సరిగా నిండలేదు. రెండు పూటలా వచ్చే కుళాయి ఒక్క పూటకి, అదీ గంటన్నరకి వచ్చింది. శివారు పేటలకి ఆ గంటన్నరా లేదు. ఆడవాళ్లు ఖాళీ బిందెలతో మిల్లు గేటు దగ్గరకొచ్చి కూర్చునేవాళ్లు, ఆఫీసుకెళ్తే ఆయన దొరకరని వాళ్లకీ తెలుసు.

ఓ రోజు మున్సిపాలిటీలో నీళ్ల పని చూసే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారిని మిల్లుకే పిలిపించి, కాటా పక్కన కుర్చీ వేయించి, రోజుకి ఎన్ని నీళ్లు వదుల్తున్నారని అడిగారు. ముప్ఫై లక్షల లీటర్లండీ అన్నాడాయన. నాచేత లెక్క వేయించారు. యాభై వేల జనం, మనిషికి 60 లీటర్లు. భూగర్భ డ్రైనేజీ లేని ఊళ్లకి సర్కారు లెక్కే మనిషికి 70, అంటే కరువులో మరీ ఘోరమేం కాదు. "మరి పేటలో బిందె నిండటం లేదంటే ఏంటండీ?" అంటే ఏఈ గారు లీకేజీలన్నారు, పాత పైపులన్నారు. అప్పుడు మా ఓనరుగారన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "క్వింటా ధాన్యం మర ఆడిస్తే 67 కిలోల బియ్యం చూపించకపోతే, బియ్యం తీసుకునే సర్కారు సంస్థ ఎఫ్‌సీఐ వాళ్లు నన్ను ఊరుకోరు. మిగతాదానికి నా దగ్గర తవుడుంది, ఊకుంది. నీళ్లకి తవుడేంటండీ?"

మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకి నన్ను స్కూటర్ వెనకెక్కించుకుని బయల్దేరారు. సరిగ్గా కుళాయిలు వదిలే టైము. ప్రతి వీధి మొదట్లో బండి ఆపి చెవి ఒగ్గేవారు. ప్రహరీ గోడల వెనక సన్నగా గుయ్యిమంటూ మోటార్లు. కుళాయి పైపుకే మోటారు తగిలించి, డాబా మీది ట్యాంకులోకి లాగేస్తున్నారు. ఆయన ఉండే వీధిలోనే పదకొండు లెక్కపెట్టాను, అందులో ఒకటి ఎన్నికల్లో ఆయన కోసం జీపెక్కి తిరిగినాయన ఇల్లు. చిల్లుపడ్డ బస్తా ముందు నిలబడ్డట్టు నిలబడ్డారు మా ఓనరుగారు.

మోటార్లు పట్టుకుపోదామంటే కౌన్సిల్లో ఒక్కరూ నోరు మెదపలేదు. మెదిపితే తమ ఇంటి మోటారు బయటపడుతుంది మరి! (కౌన్సిల్ మీటింగంటే ఏదో అనుకునేవాణ్ని. సమోసాలొచ్చేదాకా అరుచుకోవడం, వచ్చాక సంతకాలు.) దాంతో ఆయన కరెంటాఫీసు వాళ్లని బతిమాలి, ఓవర్‌హెడ్ ట్యాంకులు ముందే నింపేయించి, కుళాయి వదిలే ఆ గంటన్నరా ఊరంతా కరెంటు తీయించారు. మూడో రోజుకి పేట చివర కుళాయిలోంచి ధార పడింది. నేను వెళ్లి చూశాను, బొటనవేలంత లావు, అంతే, కానీ బిందె నిండింది.

ఇక డాబాల వీధుల్లో తిట్లు చూడాలి. మే నెల, తెల్లవారుజాము, ఫ్యాన్లు బంద్, పసిపిల్లలకి ఒళ్లంతా చెమటకాయలు. ఎదురింటి మామ్మగారు అరుగు మీద విసనకర్రతో కూర్చుని, స్కూటర్ కనపడగానే, "నీ మిల్లుకి జనరేటరుంది కదా నాయనా, నా మునిమనవడికి లేదే" అన్నారు. ఆయనేం మాట్లాడలేదు. నిజమే, మిల్లుకి జనరేటరుంది.

అందుకే నేనంటాను, లెక్క తేలకపోతే నిద్రపట్టని మనిషి మున్సిపాలిటీలో ఉండాలి, అది ఎక్కువగా వ్యాపారస్తుడే అవుతాడు. చదువుకున్నవాళ్లు రావాలి అని ఊరికే అంటారు గానీ, ఆ మోటార్లున్న ఇళ్లలో చదువుకోనివాళ్లెవరున్నారు? మద్రాసులో పిట్టి త్యాగరాయ చెట్టిగారి సంగతే తీసుకోండి, మన తెలుగాయనే, నేత వ్యాపారం. కార్పొరేషన్‌లో దాదాపు నలభై ఏళ్లున్నారు. 1920లో ఆయన పార్టీ, జస్టిస్ పార్టీ, మద్రాసు రాష్ట్రంలో గెలిస్తే ప్రభుత్వాన్ని నడిపే పదవి వద్దని వదిలేసి కార్పొరేషన్ పనే చూసుకున్నారు. మద్రాసు థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బడిలో పిల్లలకి మధ్యాహ్నం అన్నం పెట్టించింది ఆయన హయాంలోనే. టీ నగర్‌లో చీరలు కొనేవాళ్లలో ఆ 'టీ' ఎవరో ఎంతమందికి తెలుసు?

మా ఓనరుగారి విషయానికొస్తే, 2005 నుంచి పద్ధతి మారింది. చైర్మన్‌ని కౌన్సిలర్లు ఎన్నుకోవాలి. దాంతో క్యాంపులు మొదలయ్యాయి, గెలిచినవాళ్లని బస్సెక్కించి ఎక్కడికో తీసుకుపోవడం, ఫోన్లు లాక్కోవడం. దాని గురించి రాస్తే తెల్లారుతుంది. మా ఓనరుగారికి ఆ అవస్థ కూడా రాలేదు. చైర్మన్ కావాలంటే ముందు సొంత వార్డులో కౌన్సిలర్‌గా గెలవాలి కదా, అక్కడే ఓడిపోయారు. ఆ పదకొండు మోటార్ల వీధి ఆ వార్డులోదే. పేటవాళ్లు ఆ రాత్రి మిల్లు దగ్గరకొచ్చి చాలాసేపు నిలబడ్డారు గానీ, వాళ్ల ఓట్లు వేరే వార్డులో ఉన్నాయి.