మా అమ్మ ఆపి ఆపి చూసిన సినిమా

‘మంచి సినిమా అయి ఉండి కూడా రావాల్సినంత పేరు రాని తెలుగు సినిమాలు ఏవి? మీకెందుకు అలా అనిపించింది?’ అని అడిగారు. పేర్లంటే పది రాయొచ్చు. కానీ ఈ ప్రశ్న చూడగానే నాకు మొదట గుర్తొచ్చింది 2019లో వచ్చిన ‘మల్లేశం’, ఒక నేతగాడి నిజ జీవిత కథ. ఎక్కువగా దాని గురించే రాస్తాను.

మాది చౌటుప్పల్ దగ్గర చేనేత కుటుంబం. నాన్న మగ్గం మీద, అమ్మ ఆసు మీద. మగ్గం అందరికీ తెలుసు గానీ, ఆసు బయటివాళ్లకు పెద్దగా తెలియదు. పోచంపల్లి చీర మీద కనిపించే డిజైన్ నేశాక అద్దింది కాదు. నేయకముందే పోగుల్ని కొలత ప్రకారం సర్ది, రంగు అంటకూడని చోట రబ్బరు పీలికలతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. దీన్ని చిటికి కట్టడం అంటారు. ఆ కట్టడానికి ముందు పోగుల్ని సిద్ధం చేసే పనే ఆసు పోయడం. ఒక చట్రం ఉంటుంది. ఒక కొసన ఒక మేకు, దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. దారం పట్టుకున్న చెయ్యి ఇక్కడి నుంచి అక్కడికి, అక్కడి నుంచి మళ్లీ ఇక్కడికి, ఆ తర్వాత పక్క మేకుకు. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు, నాలుగైదు గంటలు. రోజుకు రెండు చీరలకు పోస్తే ఆ చెయ్యి 18,000 సార్లు తిరగాలి.

మా వైపు ఈ పని ఆడవాళ్లదే. నలభై ఏళ్లు నిండకముందే మా అమ్మకు కుడి చెయ్యి భుజం దాటి పైకి లేచేది కాదు. జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి పోక చెల్లితో వేయించుకునేది. పైన దండెం మీద బట్టలు ఆరేయాలంటే మేమే ఆరేసేవాళ్లం. దాన్ని ఎవరం జబ్బు అనుకోలేదు. ఆసు పోసేవాళ్లకు చేతులు నొస్తాయి, అంతే అనుకున్నాం.

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు అలా అనుకోలేదు. వాళ్ల అమ్మ లక్ష్మి గారిదీ ఇదే నొప్పి. ఆయన ఆరో తరగతితో బడి మానేసి మగ్గం ఎక్కిన మనిషి. 1992లో ఆసుకు మిషన్ చేయాలని మొదలుపెడితే, అది పూర్తయ్యేసరికి 1999 అయింది. మధ్యలో చేతిలో డబ్బు లేక, పని ముందుకు సాగక హైదరాబాద్ వెళ్లి కూలి పని చూసుకున్నారు. బాలానగర్‌లో ఒక చోట పనికి వెళ్లినప్పుడు, అక్కడి మిషన్ కదిలే తీరు చూసి తన మిషన్‌లో ఎక్కడ చిక్కుపడిందో ఆయనకు తట్టింది. తయారైన మిషన్‌కు వాళ్ల అమ్మ పేరే పెట్టారు. లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

ఈ కథనే రాజ్ ఆర్ అనే దర్శకుడు సినిమాగా తీశారు. మల్లేశంగా ప్రియదర్శి, తల్లిగా ఝాన్సీ, భార్యగా అనన్య నాగళ్ల నటించారు. 2019 జూన్ 21న విడుదలైంది. అదే రోజు ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ వచ్చింది, హిందీ ‘కబీర్ సింగ్’ కూడా వచ్చింది. నేను ఆదివారం హైదరాబాద్‌లో ఒక మల్టీప్లెక్స్‌లో మధ్యాహ్నం ఆటకు వెళ్లాను. హాల్లో ముప్పై మంది ఉన్నారేమో. ఇంటర్వెల్‌లో వెనక వరసలో ఒకాయన తన కొడుక్కి చేతులు తిప్పి చూపిస్తూ ఆసు ఎలా పోస్తారో చెబుతున్నాడు. పలకరిస్తే తమది పుట్టపాక అన్నాడు, అదీ మా వైపు చేనేత ఊరే. తర్వాతి వారం ఇంట్లోవాళ్లను తీసుకెళ్దామని చూస్తే ఆ హాల్లో షో లేదు. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. మా ఇళ్లలో జరిగేది తెర మీదికి రావడానికి ఇన్నేళ్లు పట్టింది, వచ్చింది కాస్తా వారంలో వెళ్లిపోయింది.

అమ్మ ఆ సినిమా చూసింది చాలా నెలల తర్వాత, ఇంట్లో టీవీలో. ఝాన్సీ ఆసు ముందు కూర్చున్న చోట ‘ఆపు బిడ్డా’ అంది. ఆపాను. దగ్గరికి జరిగి చూసింది. ‘ఉత్తగ చెయ్యి ఊపుతలేదు, నిజంగనే పోస్తున్నది’ అంది. కాసేపటికి మళ్లీ ఆపమంది. ఈసారి భుజం పట్టుకుని లేచే సీను. ‘గట్లనే లేస్తం’ అని ఒక్క మాట అని ఊరుకుంది. రెండు గంటల సినిమా మా ఇంట్లో మూడు గంటలు నడిచింది. అయిపోయాక ఎవరితోనో అన్నట్టు, ‘గీ మిషన్ మనింటికి పదేండ్ల ముందు వస్తే బాగుండు’ అంది. నాకు ఏం చెప్పాలో తెలియలేదు.

నటన గురించి నేను చెప్పేదానికంటే అమ్మ అన్న ఆ మాటకే విలువ ఎక్కువ. సినిమాల్లో నేతపని అంటే మామూలుగా మగ్గం చప్పుడు, ఒక పాట, అంతటితో సరి. ఇందులో పని తెలిసినవాళ్లు తలూపేలా పనిని చూపించారు. అది తెలిస్తేనే కదా ఆ మిషన్ ఎందుకు కావాలో, అది ఒక్కో మెట్టు దగ్గర ఎందుకు ఆగిపోతోందో ప్రేక్షకుడికి తెలిసేది. తండ్రి వద్దంటాడు, అప్పులు తలకు మించి ఉన్నాయి కాబట్టి. ఊరు నవ్వుతుంది. అయినా వీళ్లలో ఎవరినీ దుర్మార్గుడిగా చేయలేదు. విలన్ లేకుండానే ఇంత టెన్షన్ పుట్టించడం చిన్న విషయం కాదు.

భాష ఇంకో సంగతి. తెలంగాణ యాస మన సినిమాల్లో చాలా ఏళ్లు కమెడియన్ నోట్లోనో రౌడీ నోట్లోనో ఉండేది. ఇక్కడ హీరో, అమ్మ, భార్య అందరూ ఇంట్లో మాట్లాడుకున్నట్టే మాట్లాడతారు. మాటలు రాసిన పెద్దింటి అశోక్ కుమార్ గారిది సిరిసిల్ల ప్రాంతం, అదీ నేతగాళ్ల నేలే. లోపాలు లేవని కాదు. మొదట్లో స్నేహితుల సరదా కొంచెం సాగింది, హైదరాబాద్ భాగం తొందరగా అయిపోయింది. ఆ నగరంలో ఒంటరిగా గడిపిన రోజుల్ని ఇంకాసేపు చూపించి ఉంటే బాగుండేది.

ఇక రెండోది బి. నర్సింగరావు గారి ‘దాసి’, 1988. దీనికి ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. ఉత్తమ నటిగా అర్చన, ఉత్తమ తెలుగు చిత్రం, ఛాయాగ్రహణం, కళాదర్శకత్వం, దుస్తులు. కళాదర్శకత్వం చేసింది చిత్రకారుడు తోట వైకుంఠం గారు. ఇన్ని అవార్డులు వచ్చిన సినిమాకు గుర్తింపు లేదంటారేంటి అనొచ్చు. మీ ఇంట్లో ఎంతమంది చూశారో అడగండి. ‘అవార్డు సినిమా’ అని ముద్ర పడితే మన దగ్గర దాన్ని పక్కన పెట్టేస్తారు. నేను డిగ్రీలో ఉండగా ఒక ఫిల్మ్ క్లబ్‌లో చూశాను. 1920ల నాటి తెలంగాణ గడి, అంటే దొర ఉండే పెద్ద భవంతి. అందులో దొరసానితో పాటు అరణంగా, అంటే పెళ్లి కానుకగా వచ్చిన కమలాక్షి అనే దాసి. మాటలు చాలా తక్కువ. పొద్దుటి నుంచి రాత్రి వరకు ఆమె చేసే చాకిరీ చూస్తూ ఉంటాం, అంతే. మొదటి ఇరవై నిమిషాలు నాకు ఓపిక కావాల్సి వచ్చింది. ఆ తర్వాత దొర పిలుపు వినిపించిన ప్రతిసారీ నాకే గుండె దడ పుట్టింది.

రెండూ చూడాలనుకుంటే మల్లేశంతో మొదలుపెట్టండి, దాసిని తీరిక ఉన్న రోజు ఫోన్ పక్కన పెట్టి చూడండి. మల్లేశం మాత్రం ఒంటరిగా చూడొద్దు. మీ ఇంట్లో మగ్గమో, బీడీల చాటో, కుట్టు మిషనో ముందేసుకుని బతుకు గడిపినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. ఆపమన్న చోట ఆపండి.