బంగారం ముక్క లేని వ్యాసం

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

అతివాహకాల మీద, అంటే బాగా చల్లబరిస్తే విద్యుత్తును నిరోధం లేకుండా పారించే పదార్థాల మీద, నీ వ్యాసం చదివాను. ఇండోర్‌లోని సింక్రోట్రాన్ కాంతి యంత్రం ఇండస్-2 దగ్గర స్ఫటికాన్ని చీల్చడం చూసి రాసిన పేరా బాగుంది. అంత మంచి పేరాని నాలుగో పేజీ దాకా ఎందుకు దాచావు? ముందు మూడు పేజీల నిండా గాల్లో తేలే రైలు, అతివాహకత మొదట కనబడిన 1911 నాటి పాదరసం, కుప్రేట్లలో (రాగి-ఆక్సిజన్ పొరలున్న పదార్థాల్లో) దాన్ని కనిపెట్టిన 1986 నాటి బెడ్‌నార్జ్, ముల్లర్. ఆపైన కొండమీద క్యూలో జంటలు జంటలుగా కదిలే భక్తుల్లాంటి ఎలక్ట్రాన్లు. ఆ పోలిక కొట్టెయ్యమ్మా. క్యూలో ఎవరి చోటు వాళ్లది. పాదరసం లాంటి మామూలు అతివాహకంలో ఒక ఎలక్ట్రాన్ల జంట పరుచుకున్న మేరలోనే లక్షల జంటలు ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి. క్యూ అనగానే చదివేవాడికి తోచే బొమ్మ దానికి పూర్తిగా ఎదురు.

నేను ఈ ఉత్తరానికి కూర్చున్నది మాత్రం ఐదో పేజీలోని ఒక వాక్యం వల్ల. 1993లో స్టాన్‌ఫర్డ్ బృందం ఆర్పెస్ (కాంతి కొట్టి, బయటికొచ్చిన ఎలక్ట్రాన్ల శక్తినీ దిక్కునీ కొలిచే పద్ధతి) ప్రయోగంలో డి-వేవ్ జతకట్టడాన్ని కళ్లారా చూసిందని రాశావు. వాళ్లు చూసింది గ్యాప్ (ఎలక్ట్రాన్లకు స్థితులు లేని శక్తి మేర) పరిమాణం దిక్కును బట్టి మారడం. రాగి-ఆక్సిజన్ బంధం వైపు అది పెద్దది, బంధాల చదరం వికర్ణం వైపు దాదాపు సున్నా. డి-వేవ్ అనాలంటే వికర్ణం దాటగానే జంట తరంగం గుర్తు ప్లస్ నుంచి మైనస్‌కు మారాలి. ఆర్పెస్ లెక్కపెట్టేది బయటికొచ్చిన ఎలక్ట్రాన్లను. ఆ లెక్కలో గుర్తు కనిపించదు. గుర్తు మారుతుందని చూపిన పని వేరే. 1994లో ఐబీఎంలో సూయీ, కర్ట్‌లీ బృందం యిట్రియం కుప్రేట్ స్ఫటికాలు మూడు కలిసే చోట చిన్న వలయం చేసి, అందులో సగం ఫ్లక్స్ క్వాంటం (అయస్కాంత ప్రవాహపు కనీస మోతాదులో సగం, గుర్తు మారితేనే వచ్చేది) చిక్కుకోవడం కొలిచింది. ఈ రెండు ప్రయోగాలనీ ఒకే వాక్యంలో కలిపేశావు.

ఇలాంటి తప్పు ఎందుకు దొర్లుతుందో చెబుతాను. కొలత ఎలా జరిగిందో రాయకుండా ఫలితం రాస్తే, రాసేవాళ్లకే ఆ ఫలితం ఎంతవరకో తెలియదు. నీ వ్యాసం మొత్తంలో బంగారం అన్న మాటే లేదు. గ్యాప్ 35-40 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి అన్నావు. ఎక్కడి నుంచి కొలిచారు? ఫెర్మీ స్థాయి నుంచి, అంటే లోహంలో ఎలక్ట్రాన్లు నిండిన శక్తి అంచు నుంచి. అది ఎక్కడుందో ఆ స్ఫటికమే చెప్పలేదు, ఎందుకంటే గ్యాప్ తెరుచుకున్నది సరిగ్గా అక్కడే. అందుకే స్ఫటికం పక్కనే, దానితో విద్యుత్ సంబంధం ఉండేలా, చిన్న బంగారం ముక్క పెడతారు. దాని స్పెక్ట్రం (ఏ శక్తి దగ్గర ఎన్ని ఎలక్ట్రాన్లు వచ్చాయో చూపే గీత) అంచే సున్నా గుర్తు. 100 కెల్విన్ దగ్గర ఆ అంచు పదింట తొమ్మిది వంతుల నుంచి ఒక వంతుకు దిగేసరికి 38 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు పరుచుకుంటుంది, అంటే దాదాపు నువ్వు చెప్పిన గ్యాప్ అంత. 10 కెల్విన్ దగ్గరైతే నాలుగుకు లోపే. ఉష్ణోగ్రత రాయని గ్యాప్ అంకె చదివేవాడికి దేనికీ పనికిరాదు.

ఇక నీ మంచి పేరా. అక్కడ కూడా సగమే చూపించావు. మిల్లీమీటరు వెడల్పు స్ఫటికాన్ని వెండి ఎపాక్సీతో రాగి దిమ్మెకు అంటిస్తారు, పైన చిన్న సెరామిక్ పుల్ల నిలబెడతారు, వ్యాక్యూమ్‌లో చల్లగా ఉండగానే పుల్లను కడ్డీతో తడతారు. ఇంతవరకు రాశావు. బిస్మత్ కుప్రేట్ అద్దంలా ఎందుకు చీలుతుందో రాయలేదు. రెండు బిస్మత్-ఆక్సిజన్ పొరల మధ్య పట్టు చాలా బలహీనం, అక్కడే విడిపోతుంది, రెండు వైపులా ఒకే రకం పొర మిగులుతుంది. యిట్రియం కుప్రేట్‌కు ఆ సౌకర్యం లేదు. చీలిన ముఖం మీద విద్యుదావేశం సరితూగదు, పైపొర తనంతట తనే ఎక్కువ డోపింగ్ (విద్యుత్ మోసే ఆవేశాల మోతాదు) తెచ్చుకుంటుంది, లోపలి పదార్థం బదులు ఆ పొరే కనబడుతుంది. నువ్వు ఒకదాని ఫలితాన్ని తీసి రెండోదానికి తగిలించావు.

వెండి జిగురు సరిగా అంటకపోతే ఏమవుతుందో కూడా రాయి. వెళ్లిపోయిన ఎలక్ట్రాన్ల చోటు భర్తీ కాదు, నమూనా చార్జ్ అవుతుంది, కాంతి పెంచిన కొద్దీ స్పెక్ట్రం మొత్తం జరుగుతుంది. జిగురు పక్కకు కారి బయటపడితే దాని ఎలక్ట్రాన్లు కూడా వచ్చి కలుస్తాయి. అందుకే దాన్ని గ్రాఫైట్ పూతతో కప్పుతారు.

వ్యాక్యూమ్ "చాలా గొప్పది" అని సరిపెట్టావు. అక్కడ లెక్క చేసి చూపించాలి. 10⁻⁶ టార్ పీడనంలో తగిలిన ప్రతి అణువూ అంటుకుంటే ఒక్క సెకనులో ఉపరితలం మీద ఒక పొర పేరుకుంటుంది. 5×10⁻¹¹ టార్‌లో అదే పొరకు 20,000 సెకన్లు, అంటే అయిదున్నర గంటలు. బయటికొచ్చే ఎలక్ట్రాన్లు పైనున్న 5-10 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక్కోటి మీటరులో వెయ్యి కోట్లో వంతు) లోతు నుంచే వస్తాయి కాబట్టి ఒక్క పొర మురికి చాలు, స్పెక్ట్రంలో పదునైన శిఖరం మొద్దుబారిపోతుంది. ప్రయోగం చేసేవాళ్లు తిండి మానేసి ఎందుకు పరిగెడతారో ఈ భాగహారం చూస్తే చదువరికి అర్థమవుతుంది.

ఏ కాంతి వాడారో కూడా చెప్పాలి. హీలియం దీపం ఇచ్చేది 21.2 ఎలక్ట్రాన్ వోల్టులు. వర్క్ ఫంక్షన్ (ఎలక్ట్రాన్ బయటపడటానికి ఖర్చయ్యే శక్తి) 4.3 తీసేస్తే 16.9. దాని వర్గమూలాన్ని 0.512తో, కోణం సైన్‌తో గుణిస్తే ఉపరితలానికి సమాంతరమైన తరంగ సంఖ్య (ఎలక్ట్రాన్ ద్రవ్యవేగానికి కొలత) వస్తుంది. ఒక డిగ్రీకి సుమారు 0.037 విలోమ ఆంగ్‌స్ట్రామ్. గ్యాప్ గరిష్ఠంగా ఉండే చోటు 0.82 దగ్గర, అంటే 23 డిగ్రీల వైపు. అదే 6 ఎలక్ట్రాన్ వోల్టుల లేజర్‌తో 90 డిగ్రీలు తిప్పినా 0.67 దాటదు. ఆ లేజర్ వికర్ణం చుట్టుపక్కల ఎంతో పదునుగా చూపిస్తుంది, అసలు పెద్ద గ్యాప్ దగ్గరికి మాత్రం చేరలేదు. ఇంకొకటి, కాంతి ధ్రువణం (కాంతి తరంగం ఊగే దిక్కు) మారిస్తే ఉన్న బ్యాండ్ (ఎలక్ట్రాన్ల శక్తి పట్టీ) కూడా మాయమవుతుంది. కనబడనంత మాత్రాన లేదని రాయకు.

1996 సంగతి ఒక్క ముక్కలో తేల్చావు. డోపింగ్ తక్కువున్న కుప్రేట్లలో వేడికి అతివాహకత పోయాక కూడా గ్యాప్ మిగిలే ఉంటుందని ఆ ఏడాది ఆర్పెస్ చూపింది. సూడోగ్యాప్ అన్నది అదే. ఆ తర్వాత "గ్యాప్ ఉంది, కాబట్టి అతివాహకం" అనే మాట చెల్లదు. నీ వ్యాసానికి నడుము అక్కడుంది, దానికి రెండు పేజీలివ్వు. రైలు పోయిన చోటు దానికి సరిపోతుంది.

రైలు నీ తప్పు కాదని నాకు తెలుసు. మన ఆదివారం అనుబంధాల సంపాదకులకు అంకె కనబడితే కత్తెర గుర్తొస్తుంది. "పాఠకుడు పారిపోతాడు" అంటారు. ఏ పాఠకుడు? యేర్పేడు, తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో భౌతికశాస్త్రం చదివే పిల్లలు వేలమంది ఉన్నారు. క్రికెట్ సగటు రెండు దశాంశ స్థానాల దాకా అచ్చువేసే పేజీకి 38 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు బరువెలా అయ్యాయి? ఇప్పుడేమో ప్రతి శీర్షికలోనూ "క్వాంటం" ఉండాలన్న మోజు, ప్రతి ముగింపులోనూ గది ఉష్ణోగ్రత అతివాహకం రేపో మాపో వచ్చేస్తుందన్న హామీ. నీ చివరి పేరా కూడా ఆ హామీయే. తీసెయ్.

కలం పేరు గురించి, ఏ పత్రికకు పంపాలన్న దాని గురించి ఇప్పుడు ఏమీ చెప్పను. మీ ప్రయోగశాలలో అడిగి బంగారం స్పెక్ట్రం ఏ ఉష్ణోగ్రత దగ్గర తీశారో, నమూనాను చీల్చిన ఎన్ని గంటలకు కొలిచారో రాసుకో. నాలుగో పేజీతో మొదలుపెట్టి తిరగరాసి పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న వరసవాడు