గ్రెండెల్ రాక్షసుడేనా?

సందేహం: ప్రాచీన ఆంగ్ల వీరకావ్యం 'బియోవుల్ఫ్'ను తెలుగు చేస్తున్నాను. అందులోని గ్రెండెల్‌ను 'రాక్షసుడు' అని రాశాను. మరీ పురాణంలా ఉంది, 'వికృతజీవి' అని మార్చమని ఒక స్నేహితురాలు అంటున్నది. ఏది సరైన మాట? – ఒక పాఠకురాలు

సమాధానం: ముందు ఆ 'వికృతజీవి'ని కొట్టివేయండి. అది నిఘంటువులో పుట్టి అక్కడే పెరిగిన మాట. ఏ అమ్మమ్మా దాని పేరు చెప్పి మనుమడికి అన్నం తినిపించలేదు. పురాణం వాసన వస్తుందని మంచి మాటను వదులుకోవడం, 'రాక్షసబల్లి' అని మాత్రం సంకోచం లేకుండా రాసుకోవడం ఈ కాలపు వింత.

'రాక్షస' శబ్దానికి మూలం రక్ష ధాతువు. కాపాడడమనే ధాతువు నుండి కబళించేవాడి పేరు ఎలా వచ్చిందంటే, 'ఎవరి బారినుండి రక్షించుకోవాలో వారు' అని కొందరు సమన్వయిస్తారు. వాల్మీకి ఉత్తరకాండలో మరో కథ ఉంది. ప్రజాపతి జలాలను సృష్టించి, వాటిని కాపాడడానికి ప్రాణులను పుట్టించి, వాటి రక్షణ మీదేనన్నప్పుడు, 'రక్షామ' అన్నవారు రాక్షసులు, 'యక్షామ' అన్నవారు యక్షులు అయ్యారు. నా మొగ్గు ఈ కథవైపే. ఎందుకంటే మీ కావ్యంలోనూ ఇదే చమత్కారం ఉంది. డేనుల రాజు హ్రోత్‌గార్ కట్టించిన సభాభవనాన్ని, అక్కడి మనుషులను చంపుతూ, పన్నెండేళ్లపాటు చీకటి పడ్డాక ఏలినవాడు గ్రెండెల్. అతణ్ణి కవి ఎత్తిపొడుపుగా 'సభలోని కొలువుకాడు' అంటాడు. కావ్యనాయకుడు బియోవుల్ఫ్‌తో అతడు కలియబడి భవనం దద్దరిల్లే వేళ ఆ ఇద్దరినీ కలిపి 'రెన్‌వెయర్డస్', అంటే ఇంటి కావలివాళ్లు, అన్నాడు. ఇంటిని కాచేవాడూ ఇంట్లో జొరబడ్డవాడూ ఒకే పదంలో ఇమిడిపోయారు. అదే ఘట్టంలో తమ ఏలిక బియోవుల్ఫ్ ప్రాణాన్ని కాపాడాలని కత్తులు దూసిన అనుచరుల విషయంలో వాడిన 'ఎయల్గియన్' అనే క్రియ మన రక్ష ధాతువుకు చుట్టమేనని భాషాశాస్త్రజ్ఞులు అంటారు. రేఫ ఉండవలసిన చోట లకారమేమిటని అడగకండి. 'రలయోరభేదః', అంటే ర, ల లకు భేదం లేదని, మనవాళ్లు ఊరకే అనలేదు.

అయితే గ్రెండెల్ భీకరత్వం కోరలలో లేదు, లెక్క తీర్చకపోవడంలో ఉంది. ఆ సమాజంలో మనిషిని చంపినవాడు చచ్చినవాని బంధువులకు 'వెర్‌గిల్డ్' చెల్లించి పగను చల్లార్చుకోవచ్చు. 'వెర్' అంటే మనిషి, మన 'వీర' శబ్దానికి సోదరం. 'గిల్డ్' అంటే చెల్లింపు. సుమారు 600 ప్రాంతంలో ఇంగ్లండులోని కెంట్ రాజు ఏథెల్‌బెర్ట్ చేసిన శాసనాలు స్వతంత్రుడైన మనిషి ప్రాణానికి 100 షిల్లింగులు కట్టాయి. బియోవుల్ఫ్ తండ్రి ఒకణ్ణి చంపితే, సొమ్మిచ్చి ఆ పగ చల్లార్చినవాడు ఈ హ్రోత్‌గారే. గ్రెండెల్ మాత్రం డేనులలో ఎవరితోనూ సంధికి రాడు, ధనమిచ్చి రాజీపడడు. అతని చేతినుండి పరిహారం అందుతుందని ఏ సభాసదుడూ ఆశపడనక్కరలేదని కవి పనిగట్టుకొని చెబుతాడు. ధర్మానికి ఎదురుతిరిగి, అందరి మీదికీ ఒక్కడే. ఇక్కడ మీరు 'నష్టపరిహారం' అని రాస్తే బీమా కాగితం గుర్తుకొస్తుంది. 'దండుగ' అనండి. తప్పుకు కట్టే సొమ్మని దాని అసలు అర్థం. 'సినిమా దండగ, చదువు దండగ' అంటూ ఆ మాటను వృథాకు పర్యాయపదం చేసుకున్నది మనమే.

చిక్కంతా ఇక్కడే. మన రాక్షసుడికి ఊరుంది, కొలువుంది, నీతి చెప్పే తమ్ముడున్నాడు. దూతను చంపరాదని విభీషణుడు వాదించగా, రావణుడంతటివాడు ఆ మాట మన్నించి, తోకకు నిప్పు పెట్టించడంతో సరిపెట్టుకున్నాడు. లంకలో శిక్షకూ ఒక పద్ధతి ఉంది. బైబిలులో తమ్ముణ్ణి చంపిన కయీను వంశంవాడైన గ్రెండెల్‌కు సభ లేదు, సాటివాడు లేడు. కవి అతనికిచ్చిన బిరుదు 'మెయర్క్‌స్టపా', అంటే సరిహద్దుల్లో తిరుగాడేవాడు. దీనికి 'పొలిమేర' కంటే దగ్గరి మాట నాకు తోచలేదు. పొలిమేర దేవత ఊరిని కాస్తుంది, ఇతడు అక్కడినుండే ఊరిమీద పడతాడు.

కాబట్టి 'రాక్షసుడు' తప్పు కాదు, చాలదు. మొదటిసారి 'పొలిమేర రక్కసుడు' అని, తరువాత ఉత్త 'రక్కసుడు' అని వాడి చూడండి. తద్భవంలో లంకా వైభవం కొంత తగ్గుతుంది. అతని తల్లిని మాత్రం తొందరపడి 'రాక్షసి' అనకండి. బియోవుల్ఫ్ చేతిలో కొడుకు చచ్చినందుకు బదులుగా ఆమె ఒక్క ప్రాణమే తీసుకుపోయింది. అది ఆనాటి పగల లెక్కకు ఒదిగేదే. కవి సైతం ఆమెను చెప్పేచోట గౌరవస్త్రీలకు వాడే 'ఇదెస్' అనే మాట వేశాడు. అక్కడ ఏ పదం వాడాలో నేనింకా తేల్చుకోలేదు. ప్రస్తుతానికి 'గ్రెండెల్ తల్లి' అనే రాయండి.