నాలుగు కోర్లకు ఎనిమిది సీపీయూలు ఎందుకు కనిపిస్తున్నాయి?

సందేహం: మా లాప్‌టాప్ అట్టపెట్టె మీద 4 కోర్లు అని ఉంది. లినక్స్ వేసుకున్నాక సిస్టమ్ మానిటర్‌లో 8 సీపీయూలు కనిపిస్తున్నాయి. ప్రాక్‌లోని సీపీయూఇన్ఫో ఫైల్ తెరిస్తే కోర్ ఐడీ 0 నుంచి 3 దాకా వచ్చి, మళ్లీ 0 నుంచి మొదలవుతోంది. లినక్స్ తప్పు చూపిస్తోందా? స్పీడ్ పెరుగుతుందని ఒక వీడియోలో చూసి బూట్ లైన్‌లో (లినక్స్ మొదలయ్యేటప్పుడు చదివే సెట్టింగుల వరసలో) ‘మిటిగేషన్స్=ఆఫ్’ కూడా పెట్టాను.

జవాబు: ప్రశ్నలో మొదటి సగం ఎప్పుడూ వచ్చేదే. నాకు టెన్షన్ పెట్టింది చివరి వాక్యం. అయినా వరసలోనే చెప్తాను.

లినక్స్ తప్పు చూపించడం లేదు. మీ ప్రాసెసర్‌లో ఒక్కో కోర్ రెండేసి థ్రెడ్లు, అంటే రెండు పనుల వరసలు, ఒకేసారి నడుపుతుంది. లినక్స్‌కి గుండెకాయలాంటి ప్రోగ్రామ్ కెర్నల్. అది ఒక్కో థ్రెడ్‌నూ ఒక సీపీయూగా లెక్కపెడుతుంది. అదే ఫైల్‌లో ‘సిబ్లింగ్స్’ 8, ‘సీపీయూ కోర్స్’ 4 అని దగ్గరదగ్గరే ఉంటాయి. మొదటిది రెండోదానికంటే పెద్దదైతే హైపర్‌థ్రెడింగ్ ఆన్‌లో ఉన్నట్టే. కెర్నల్ దీన్ని ఎస్ఎంటీ (సైమల్టేనియస్ మల్టీథ్రెడింగ్) అంటుంది. ఏ సీపీయూకి ఏది జంటో తెలియాలంటే సిస్ ఫోల్డర్‌లో ఆ సీపీయూ కింద ఉండే టోపాలజీలో ‘కోర్_సీపీయూస్_లిస్ట్’ చూడండి. పాత కెర్నల్‌లో దాని పేరు ‘థ్రెడ్_సిబ్లింగ్స్_లిస్ట్’. మీ మెషీన్‌లో 0కి జంట 4 అయివుంటుంది. వేరే మెషీన్‌లో 0కి జంట 1 కావచ్చు. నంబర్లు వరసగా ఉన్నాయి కదా అని వేర్వేరు కోర్లు అనుకోవద్దు. ప్రోగ్రామ్‌ను ఫలానా సీపీయూలకు కట్టేసేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. రెండు బరువైన పనుల్ని ఒకే కోర్ మీద పడేసి, మెషీన్ స్లో అని తిట్టుకుంటారు.

ఇప్పుడు ఆ వీడియో సంగతి. జంట థ్రెడ్లంటే ఒకే పొయ్యి మీద ఇద్దరు వండుకోవడం. ఎల్1 క్యాష్ (కోర్ లోపలి చిన్న, వేగమైన మెమరీ), లోపలి బఫర్లు ఇద్దరికీ ఉమ్మడి. అందుకే 2018 ఆగస్టులో బయటపడ్డ ఎల్1 టెర్మినల్ ఫాల్ట్, 2019 మేలో వచ్చిన ఎండీఎస్ (మైక్రోఆర్కిటెక్చరల్ డేటా శాంప్లింగ్) అనే ప్రాసెసర్ లోపాలు అంత కలవరం రేపాయి. ఆ లోపాలున్న ప్రాసెసర్లలో ఒక థ్రెడ్ మీది ప్రోగ్రామ్ తన జంట థ్రెడ్ తాకిన డేటాను రాబట్టగలదు. అది పాస్‌వర్డే కావచ్చు, ఎన్‌క్రిప్షన్ కీయే కావచ్చు. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు 2018 జూన్‌లోనే, ఎల్1 టెర్మినల్ ఫాల్ట్ బయటికి రాకముందే, ఎస్ఎంటీని ఆఫ్‌లో ఉంచడం మొదలుపెట్టారు.

ఇలాంటి లోపాలకు కెర్నల్ పెట్టే రక్షణలే ‘మిటిగేషన్స్’. లినక్స్‌లో వాటికి మామూలుగా ఉండే సెట్టింగ్ ‘ఆటో’. అది రక్షణలు పెడుతుంది కానీ ఎస్ఎంటీని ఆపదు. అప్‌డేట్ కాగానే సగం సీపీయూలు మాయమైతే జనం బెదిరిపోతారని అలా ఉంచారు. ‘ఆఫ్’ అంటే తప్పనిసరి కాని రక్షణలన్నీ ఒక్క దెబ్బతో తీసేయడం. బ్రౌజర్‌లో ఏ సైట్ తెరిచినా దాని జావాస్క్రిప్ట్ మీ ప్రాసెసర్ మీదే నడుస్తుంది. స్పెక్టర్ అనే ఇంకో ప్రాసెసర్ లోపాన్ని బయటపెట్టిన పరిశోధకులు తమ పేపర్‌లోనే జావాస్క్రిప్ట్‌తో దాడి చేసి చూపించారు. మీరు బ్యాంకు పనులు చేసుకునే లాప్‌టాప్ అది. బూట్ లైన్‌లోంచి ‘మిటిగేషన్స్=ఆఫ్’ ఈరోజే తీసేసి రీస్టార్ట్ చేయండి.

తర్వాత సిస్ కింద డివైసెస్, సిస్టమ్, సీపీయూ దాకా వెళ్లి ‘వల్నరబిలిటీస్’ ఫోల్డర్ తెరవండి. ఒక్కో లోపానికి ఒక్కో ఫైల్, ఒక్కో ఫైల్‌లో ఒక్క లైన్. ‘నాట్ అఫెక్టెడ్’ అని ఉంటే ఆ లోపం మీకు లేదు. ‘ఎస్ఎంటీ వల్నరబుల్’ అని కనిపిస్తే, జంట థ్రెడ్ దారి ఇంకా తెరిచే ఉంది. తెలియనివాళ్ల కోడ్ నడిపే మెషీన్ అయితే పక్కనే ఉన్న ఎస్ఎంటీ ఫోల్డర్‌లోని ‘కంట్రోల్’ ఫైల్‌లో రూట్‌గా (అడ్మిన్ హక్కులతో) ‘ఆఫ్’ అని రాయండి. వెంటనే పనిచేస్తుంది. అదే ‘ఆఫ్’ మాట బూట్ లైన్‌లో రాసి రక్షణ తీసేశారు, ఇక్కడ రాస్తే రక్షణ వస్తుంది. ఎక్కడ రాస్తున్నారో చూసుకుని రాయండి.

ఇంత వివరం కెర్నల్ ఎవరడిగినా ఇస్తోంది, రూట్ కూడా అక్కర్లేదు. మరి లాప్‌టాప్‌తో వచ్చే ‘సిస్టమ్ హెల్త్’ యాప్‌లలో ఆ ఒక్క లైన్ ఎందుకు చూపించరు? ఫ్యాన్ స్పీడ్‌కి రంగురంగుల మీటర్ పెడతారు, ర్యామ్ ఖాళీ చేసే బటన్ పెడతారు. మెషీన్‌కి తెలిసిన ప్రమాదాన్ని యజమానికి చెప్పని డిజైన్ నిర్లక్ష్యపు డిజైన్. ఇంకా కోపం తెప్పించేది, ఎస్ఎంటీ ఆపే ఆప్షన్‌నే బయోస్‌లోంచి తీసేసిన లాప్‌టాప్‌లు.

సందేహం: 2 సీపీయూల క్లౌడ్ సర్వర్ అద్దెకు తీసుకున్నాను. ‘ఎల్ఎస్‌సీపీయూ’ కమాండ్ ఇస్తే కోర్‌కి ఒక థ్రెడ్ అని చూపిస్తోంది. అంటే 2 కోర్లు పూర్తిగా నావేనా?

జవాబు: ఆ లైన్ చూసి అలా అనుకోవడానికి లేదు. మామూలు పీసీ ప్రాసెసర్లలో కెర్నల్ ఈ వివరాలను సీపీయూఐడీ అనే ఇన్‌స్ట్రక్షన్‌తో అడిగి తెలుసుకుంటుంది. మీరు అద్దెకు తీసుకున్నది సాధారణంగా వర్చువల్ మెషీన్, అంటే ఒక పెద్ద మెషీన్‌లో ఒక వాటా. అందులో ఆ ప్రశ్నకు జవాబిచ్చేది ఆ వాటాలు పంచే సాఫ్ట్‌వేర్ అయిన హైపర్‌వైజర్. అది ఎలా చెప్పమంటే అలా చెప్తుంది. కెర్నల్‌కి ఈ సంగతి తెలుసు. అందుకే వర్చువల్ మెషీన్‌లో ‘వల్నరబిలిటీస్’ ఫోల్డర్‌లోని ఎండీఎస్ ఫైల్ తెరిస్తే, లోపమున్న ప్రాసెసర్ అయితే, ‘ఎస్ఎంటీ హోస్ట్ స్టేట్ అన్‌నోన్’ (అసలు మెషీన్‌లో ఎస్ఎంటీ సంగతి తెలియదు) అని రాసి ఉంటుంది.

కాబట్టి అద్దెకిచ్చినవాళ్లనే రాతపూర్వకంగా అడగండి: నా వీసీపీయూ (వర్చువల్ సీపీయూ) పూర్తి కోరా, థ్రెడ్డా? థ్రెడ్ అయితే దాని జంట మీద వేరే కస్టమర్ నడుస్తాడా? లినక్స్ 5.14తో 2021లోనే కోర్ షెడ్యూలింగ్ వచ్చింది. ఒకరినొకరు నమ్మని రెండు పనులు ఒకే కోర్ మీద ఒకేసారి నడవకుండా అది ఆపగలదు. ఎస్ఎంటీ ఆపకుండానే ఈ ఏర్పాటు చేయొచ్చు కనుక, ఖర్చు పెరుగుతుందనే సాకు నేను ఒప్పుకోను. సూటిగా జవాబు రాకపోతే కస్టమర్ల డేటా, సైనింగ్ కీలు ఆ సర్వర్ మీద పెట్టకండి.