పెరుగన్నం సంగతి తర్వాత, ముందు ఆ మాత్రలు ఆపండి

ప్రశ్న: మాది కావలి. మా పామెరేనియన్‌కి 4 ఏళ్లు, 5 కిలోలుంటుంది. 2 నెలలుగా వారంలో రెండు మూడు రోజులు విరేచనాలు, అప్పుడప్పుడు వాంతులు. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు వేస్తే తగ్గి మళ్లీ మొదలవుతోంది. మొన్న కడుపునొప్పేమోనని మేం వాడే నొప్పి మాత్ర సగం వేశాం. పాలన్నం పెట్టాలా, పెరుగన్నమా?

డాక్టర్ సలహా: ఆ నొప్పి మాత్ర పేరు మీరు రాయలేదు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివైతే కుక్క కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినదానికైతే ప్రమాదం ఇంకా ఎక్కువ. బరువు లెక్కన చూడండి, 5 కిలోల కుక్కకి సగం మాత్ర అంటే 60 కిలోల మనిషి ఒకేసారి 6 మాత్రలు మింగినట్టు. మలం తారులా నల్లగా వచ్చినా, చిగుళ్లు తెల్లబడినా, నీళ్లు కూడా కక్కేస్తున్నా, వీపు మీద చర్మం లాగి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా రేపటిదాకా ఆగొద్దు. అవేవీ లేకపోయినా ఈ రెండు రోజుల్లో పశువుల డాక్టరుకి చూపించాల్సిందే.

ఇక షాపు మాత్రలు. తగ్గుతోంది కదా అని మీరు అనుకున్నారు, నిజానికి జబ్బు లోపల అలాగే ఉండి పైకి కనపడకుండా పోయింది, అంతే. మూడు వారాలు దాటిన విరేచనాలకి కారణం వెతకాలి. నులిపురుగులు, జియార్డియా అనే కంటికి కనపడని పేగుల పరాన్నజీవి, తిండి పడకపోవడం, పాంక్రియాస్ వాపు, పేగుల వాపు, ఏదైనా కావచ్చు, చూడకుండా ఇదీ అని చెప్పలేను. మలం పరీక్ష ఒక్కసారి చేస్తే జియార్డియా దొరక్కపోవచ్చు, అందుకే రెండు మూడు వేర్వేరు రోజుల మలం ఇవ్వాల్సి రావచ్చు. రక్త పరీక్ష కూడా అడగండి. ఒంటి మీద పిడుదులుంటే ఆ మాట తప్పకుండా చెప్పండి. నులిపురుగుల మందు ఆఖరిసారి ఎప్పుడు వేశారో గుర్తు తెచ్చుకోండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే కుక్కని ముట్టుకున్నాక చేతులు కడిగించండి, కొన్ని పురుగులు మనుషులకీ అంటుకుంటాయి.

తిండి విషయానికొస్తే పాలు వద్దు, చాలా కుక్కలకి అరగవు. పెరుగు కొద్దిగా పడితే పెట్టొచ్చు గానీ దాంతో జబ్బు నయం కాదు. డాక్టరుకి చూపించేదాకా మెత్తటి అన్నం, తోలు తీసి ఉడికించిన చికెన్, ఉప్పూ కారం లేకుండా, కొంచెం కొంచెంగా రోజుకి నాలుగుసార్లు. ఇంత చిన్న కుక్కని పస్తులుంచొద్దు, నీరసపడిపోతుంది. మిగిలిన చేపల పులుసు కలిపి పెట్టడం మన వైపు మామూలే, అందులో ముళ్లుంటాయి, ఉల్లిపాయలుంటాయి, ఉల్లి కుక్కల రక్తకణాలనే దెబ్బతీస్తుంది. ఇంట్లో ఒకరు పథ్యం పెడుతుంటే ఇంకొకరు జాలిపడి బిస్కెట్ వేస్తే ఏది పడటం లేదో ఎప్పటికీ తెలియదు, కాబట్టి ఇంటిల్లిపాదికీ ముందే చెప్పేయండి.

రెండు నెలలు ఆలస్యం చేశారు, ఆ మాట అనకుండా ఉండలేను, కానీ ఇప్పుడైనా అడిగారు. వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వేసిన మాత్రల స్ట్రిప్పులు, ఖాళీవైనా సరే, అన్నీ పట్టుకెళ్లండి. నొప్పి మాత్ర వేసిన సంగతి మొహమాటపడి దాచొద్దు, డాక్టరు ఏ మందు రాయాలన్నా ముందు అది తెలియాలి.