చదివిన పుస్తకాలు, వ్యాసాల డేటాబేస్‌లో ఏయే వివరాలు పెట్టుకోవాలి?

థీసిస్ కోసం చదివేవాటికి సొంత డేటాబేస్ తయారు చేసుకుంటున్నాను, ఎన్ని ఫీల్డులు (ఒక్కో వివరానికి ఒక్కో గడి) పెట్టాలో తేలడం లేదు అన్నారు. నేనూ చాలా ఏళ్లుగా ఒకటి నడుపుతున్నాను. నా పద్ధతి ఒక్కటే: మళ్ళీ ఎప్పుడైనా దొరికే వివరం కోసం కష్టపడను, నాకు తప్ప ఇంకెవరికీ తెలియనిదాన్ని వదలను.

డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు) ఉన్న వ్యాసానికి ఆ నంబరు తప్పుల్లేకుండా ఉంటే సగం పని అయిపోయినట్టే. పత్రిక పేరు, సంపుటి, పేజీలు వగైరా చదివినవాటి వివరాలు దాచిపెట్టే జొటేరో లాంటి సాఫ్ట్‌వేర్ తెచ్చిపెడుతుంది, మీరు ఒకసారి సరిచూసుకుంటే చాలు. నంబరు ముందు వెబ్ చిరునామా తగిలించకుండా, 10తో మొదలయ్యేలా పెట్టండి. లేకపోతే ఒకే వ్యాసం రెండు రూపాల్లో చేరిపోతుంది, డూప్లికేట్లు ఏరడం పెద్ద తలనొప్పి.

పుస్తకాలతో ఇంత సులువు కాదు. ఐఎస్‌బీఎన్ అనే పుస్తకాల గుర్తింపు నంబరు రచనకు కాదు, ఎడిషన్‌కు ఇస్తారు. గట్టి అట్టకు ఒకటి, పేపర్‌బ్యాక్‌కు ఇంకొకటి ఉంటుంది. 2007కు ముందు 10 అంకెలు, ఆ తర్వాత 13. పాతదాన్ని మార్చాలంటే ముందు 978 చేర్చి ఊరుకుంటే కుదరదు, చివరి అంకెను మళ్ళీ లెక్కకట్టాలి. అసలు నంబరే లేని పాత పుస్తకాలు, నివేదికలు ఉంటాయి చూడండి, బద్ధకించకూడనిది అక్కడే. ప్రచురణకర్త, ఊరు, ఎడిషన్, మీరు చూసిన ప్రతి ఎక్కడుందో కూడా రాయండి. పునర్ముద్రణ అయితే మొదటిసారి వచ్చిన సంవత్సరం, మీ ప్రతి సంవత్సరం రెండూ కావాలి.

రచయిత ఇంటిపేరుకు, పేరుకు వేర్వేరు ఫీల్డులు. పేరు పూర్తిగా రాయండి. పూర్తి పేరు నుంచి పొడి అక్షరాలు ఎప్పుడైనా తీసుకోవచ్చు, పొడి అక్షరాల నుంచి పేరు రాదు.

నేను ఎక్కువగా వాడేది మాత్రం నోట్ ఫీల్డే. "పే. 112, రెండో పట్టిక. మూడో అధ్యాయానికి. మొత్తం కలవడం లేదు, సరిచూడాలి." ఇది ఏ కేటలాగులోనూ దొరకదు. దాని పక్కనే "పూర్తిగా చదివాను", "సారాంశం మాత్రమే చూశాను" అని ఇంకో ఫీల్డు పెట్టుకోండి. చదవనిదాన్ని చదివాననుకుని ఉదహరించే ప్రమాదం తప్పుతుంది.

ట్యాగులు కొన్ని చాలు, వందల్లో పెడితే మీరే మర్చిపోతారు. ముందు రకానికొకటి చొప్పున నాలుగైదు ఎంట్రీలు చేసి, మీ యూనివర్సిటీ అడిగే స్టైల్లో గ్రంథసూచి తీసి చూడండి. ఎక్కడ ఖాళీ కనిపిస్తే ఆ ఫీల్డు చేర్చుకోండి.